కుదువలో ఉన్న బండి

మా గాండ్లపెంట వైపు ఇళ్లలో కుదువ అన్న మాట తెలియని ఆడవాళ్లు ఉండరు. చెనక్కాయ విత్తనాలు కొనేటప్పుడు గొలుసు కుదువకు పోతుంది. పంట చేతికొస్తే మెడలోకి తిరిగొస్తుంది, రాకపోతే ఇంకో ఏడాది బ్యాంకులోనే ఉంటుంది. భూమి విషయంలో అదే పనిని తనఖా అంటాం. బండి దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఫైనాన్సులో ఉంది" అని తేలిగ్గా అనేస్తాం. ఆ మాట వింటే కుదువ అనిపించదు. కానీ అదీ కుదువే. ఈ మూడింటిలో చిక్కులన్నీ ఉన్నది దానిలోనే.

ఎందుకో చూడండి. బంగారం కుదువ పెడితే నగ అప్పిచ్చినవాడి బీరువాలోకి వెళ్లిపోతుంది. అక్కడున్న నగను మనం ఇంకొకరికి అమ్మలేం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కుదువను నిర్వచించింది కూడా ఇలాగే, వస్తువును అప్పు కోసం ఎదుటివాడికి అప్పగించడమని. భూమి మన దగ్గరే ఉంటుంది, కానీ కదలదు. తనఖా పత్రం రిజిస్టరైతే ఆ సంగతి ఈసీలో కనిపిస్తుంది. కొనేవాడు రిజిస్ట్రారు ఆఫీసుకెళ్లి ఈసీ తీయించుకుంటే భూమి మీద ఏ బరువుందో తెలుస్తుంది. బండి అలా కాదు. అప్పు ఉన్నా మన చేతిలోనే ఉంటుంది, తాళం మన జేబులోనే ఉంటుంది, రోజూ రోడ్డు మీద తిరుగుతుంది. పొద్దున కదిరిలో ఉన్నది సాయంత్రానికి బెంగుళూరులో ఉంటుంది. దాన్ని చూసి ఇది అప్పులో ఉందని ఎవరూ చెప్పలేరు. బ్యాంకు దీనికి పెట్టిన పేరు హైపోతికేషన్.

నేను తెలుగు బీఏ చదివినదాన్ని కాబట్టి కొత్త మాట కనిపిస్తే దాని పుట్టుక వెతకడం నాకు అలవాటు. హైపోతికేషన్‌కు మూలం గ్రీకు మాట. కింద పెట్టినది, ఆధారంగా ఉంచినది అని దాని అర్థం. ఏథెన్స్ చుట్టుపక్కల పొలాల్లో క్రీస్తుపూర్వం 4వ శతాబ్దం నాటి రాళ్లు దొరికాయి. ఈ పొలం ఫలానావారి అప్పులో ఉంది, అప్పు ఇంత అని వాటి మీద చెక్కి ఉంది. పొలం దున్నుకునేది అప్పు చేసినవాడే. ఆ రాయి మాత్రం దారినపోయే వాళ్లందరికీ, ముఖ్యంగా కొనడానికి వచ్చినవాడికి, సంగతి చెబుతుంది.

రోమన్లు దీన్ని కదిలే వస్తువులకు కూడా పట్టించారు. భూమి కౌలుకు తీసుకున్న రైతు కౌలుకు హామీగా తన పనిముట్లను, తెచ్చుకున్న సామానును చూపించేవాడు. వాటిని భూస్వామి తన ఇంటికి తీసుకుపోతే రైతు దేనితో దున్నుతాడు? దున్నకపోతే కౌలు ఎలా కడతాడు? అందుకని వస్తువులు రైతు దగ్గరే ఉండేవి, హక్కు మాత్రం భూస్వామికి ఉండేది. ఇవాళ లారీకి అప్పిచ్చేవాడి ఆలోచన కూడా ఇదే. లారీ తిరిగితేనే బాడుగ వస్తుంది, బాడుగ వస్తేనే కంతు కడతారు. బండిని తెచ్చి అప్పిచ్చినవాడి గోడౌనులో పెడితే ఇద్దరికీ నష్టమే.

ఇక మూడోవాడి గొడవ. అప్పు తీరకముందే ఆ వస్తువును ఇంకొకరికి అమ్మేస్తే కొన్నవాడి గతేమిటి? ఇంగ్లండులో ఈ ప్రశ్న కోర్టుకెక్కింది కార్ల వల్ల కాదు, ఇంటి సామాను వల్ల. అప్పట్లో అక్కడ నెలనెలా బాడుగ కట్టుకుంటూ చివరికి సొంతం చేసుకునే పద్ధతి బాగా నడిచేది. 1893లో వచ్చిన కేసులో ఒకామె అలా తెచ్చుకున్న కుర్చీలు బల్లలు డబ్బు పూర్తిగా కట్టకముందే అమ్మేసింది. కోర్టు కొన్నవాడి వైపే తీర్పిచ్చింది. ఆమె ఎలాగూ కొనడానికి ఒప్పుకున్న మనిషే కాబట్టి, ఏమీ తెలియక ఆమె దగ్గర కొన్నవాడికి హక్కు దక్కుతుంది అన్నారు.

రెండేళ్లు తిరక్కముందే, 1895లో, ఇంకో కేసు. ఈసారి పియానో. నెలకు పది షిల్లింగుల ఆరు పెన్నీలు, 36 నెలలు కడితే సొంతం, ఇష్టం లేకపోతే మధ్యలో తిరిగి ఇచ్చేయొచ్చు అని ఒప్పందం. తీసుకున్నాయన కొన్ని నెలలకే దాన్ని కుదువ కొట్టులో పెట్టి డబ్బు తెచ్చుకున్నాడు. ఈసారి పెద్ద కోర్టు పియానో అసలు యజమానికే ఇప్పించింది. తిరిగి ఇచ్చే వీలుంది కాబట్టి అతను కొనడానికి ఒప్పుకున్నవాడు కాదు, ఉత్త బాడుగదారుడు. బాడుగదారుడికి లేని హక్కు కుదువ కొట్టువాడికి ఎక్కడి నుంచి వస్తుంది? ఒప్పంద కాగితంలో ఒక్క షరతు తేడాతో కుర్చీలు కొన్నవాడు గెలిచాడు, పియానో పట్టుకున్నవాడు ఓడాడు. ఆ కాగితాన్ని వాళ్లిద్దరిలో ఎవరూ చూసి ఉండరు. వ్యాపారులు మాత్రం రెండో కేసు నుంచి పాఠం నేర్చుకుని, తర్వాతి కాగితాలన్నీ పియానో ఒప్పందం తీరులోనే రాయించుకున్నారు.

ఆ పద్ధతే మన దేశానికి వచ్చింది. 1954లో మద్రాసులో టి.ఎస్. సంతానం సుందరం ఫైనాన్స్ పెట్టారు. లారీ, బస్సు కొనేవాళ్లకు కంతుల మీద డబ్బిచ్చే కంపెనీల్లో దక్షిణాదిన అది పేరు పొందింది. కాగితం మీద బండి కంపెనీది, నడుపుకునేవాడు బాడుగదారుడు. 1960ల నడుమ కేరళ అమ్మకం పన్ను గురించి ఈ కంపెనీ కేసే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బండిని ముందే బేరమాడి కొన్నది వాడుకునేవాడు, కంపెనీ ఇచ్చింది డబ్బు మాత్రమే, కాబట్టి కాగితంలో బాడుగ అని రాసుకున్నా జరిగింది అప్పే అని ఎక్కువమంది జడ్జీలు తేల్చారు. ఇప్పుడు కారుకు బ్యాంకు ఇచ్చేది నేరుగా అప్పే. ఆర్‌సీలో యజమాని పేరు మనదే ఉంటుంది, దాని కింద బ్యాంకు పేరు ఉంటుంది.

1974లో చిట్టీలతో మొదలైన శ్రీరామ్ సంస్థ 1979లో లారీలకు అప్పులివ్వడం మొదలుపెట్టింది. ఆర్. త్యాగరాజన్ అందులో ముఖ్యులు. కొత్త లారీలకు అప్పివ్వడానికి ఎవరైనా ముందుకొస్తారు. ఆయన పాత లారీలు కొనే డ్రైవర్లకు ఇచ్చారు. నిన్నటిదాకా జీతానికి లారీ నడిపినవాడు పాత లారీ కొని ఓనరు కావడం అప్పటి నుంచే మామూలైంది. సెకండ్‌హ్యాండు బండి, దాని మీద అప్పు, ఆ అప్పు తీరకముందే ఇంకొకరికి అమ్మకం, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

కార్ల సంగతి ఇంకా తర్వాతిది. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు అందించారు. అంతకుముందు అంబాసిడరో ఫియెట్టో ఉన్న ఇల్లంటే ఊరికి పెద్దింటి కిందే లెక్క. 1991 తర్వాత బ్యాంకులూ ఫైనాన్సు కంపెనీలూ కారు అప్పులు విరివిగా ఇవ్వడంతో నెలజీతం ఇళ్లకూ కారు వచ్చింది. 2019లో మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ నుంచే కార్లు బయటికి వచ్చాయి. కొత్త కారు తయారయ్యే చోటికి ఇంత దగ్గరున్నా మన ఊళ్లలో ఎక్కువమంది కొనేది పాత కారే. అందులోనూ బెంగుళూరు నుంచి వచ్చే కేఏ నంబరు బండ్లు చాలా ఉంటాయి.

మరి ఏథెన్స్ పొలంలో రాయిలాగా బండికి ఏది గుర్తు? ఆర్‌సీలో ఉండే ఆ ఒక్క లైను. మన పెద్దవాళ్లు సి బుక్కు అనేవారే, ఆ పుస్తకంలో 'హెచ్‌పీఏ' అని రాసి ఫైనాన్సు కంపెనీ పేరు వేసేవారు. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 51వ సెక్షన్ మొత్తం ఈ లైను గురించే. అప్పు తీసుకున్నప్పుడు ఆర్‌సీలో ఎక్కించాలి, దానికి ఫారం 34. అప్పు తీరాక కొట్టేయించాలి, దానికి ఫారం 35. ఆ లైను ఉన్నంతకాలం అప్పిచ్చినవాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆర్టీఓ ఆఫీసు బండిని ఇంకొకరి పేరుకు మార్చదు. కంతులు కట్టలేదని బండిని పట్టుకుపోతే దాని ఆర్‌సీని తమ పేరుకు మార్పించుకునే దారి కూడా అప్పిచ్చినవాళ్లకు అదే సెక్షన్ ఇచ్చింది.

ఇంగ్లండు ఇంకో దారి పట్టింది. 1964లో అక్కడ చేసిన చట్టం ప్రకారం, అప్పు సంగతి తెలియక నిజాయితీగా కారు కొన్న సొంత వాడకందారుకు హక్కు దక్కుతుంది. అప్పిచ్చినవాడు అమ్మినవాడి వెంట పడాలి. మనకు అలాంటిది లేదు. బాడుగ కొనుగోళ్ల మీద 1972లో పార్లమెంటు ఒక చట్టం చేసింది కానీ దాన్ని అమల్లోకి తేలేదు. చివరికి 2005లో రద్దు చేశారు. కాబట్టి మన దగ్గర కొనేవాళ్లకు ఉన్న రక్షణ ఆర్‌సీలో ఆ లైను చూసుకోవడమే. చూసుకోకపోతే "నాకు తెలియదు" అన్న మాటకు విలువ చాలా తక్కువ.

ఆ లైను ఉందని తెలిసి కూడా మనవాళ్లు కొంటారు. దానికొక పద్ధతి కూడా ఉంది. చేతికి కొంత డబ్బిచ్చి, "మిగతా కంతులు నేనే కట్టుకుంటాను" అని బాండు పేపరు మీద రాసుకుంటారు. ఇద్దరు సాక్షులు సంతకం పెడతారు. బండి చేతులు మారుతుంది, ఆర్‌సీ మారదు, అప్పు మారదు. ఫైనాన్సు కంపెనీకి ఈ సంగతే తెలియదు.

మా బంధువుల్లో ఒకామె ఇంట్లో జరిగింది చెబుతాను. ఆమె భర్త చిన్న గూడ్సు బండిలో మదనపల్లె మార్కెట్టుకు టమాటా తోలేవాడు. ఒంట్లో బాగుండక బండి అమ్మేశాడు, ఇలాగే బాండు పేపరు మీద. ఇంకా ఇరవై కంతులున్నాయి. కొన్నాయన ఏడు నెలలు సక్రమంగా కట్టాడు. ఆ తర్వాత బండిని ఆయన కర్ణాటకలో ఇంకొకరికి అదే తీరున ఇచ్చేసి కంతులు ఆపేశాడు. ఈలోపు ఈమె భర్త చనిపోయాడు. అప్పుకు జామీను సంతకం ఈమెది. పెద్దకర్మ అయిన నెలకే నోటీసు ఈమె పేరుకు వచ్చింది. "బండి అమ్మేశాం కదమ్మా, ఇంక మాకేం సంబంధం?" అని నన్ను అడిగింది. బండి ఎక్కడుందో ఆమెకు తెలియదు, ఎవరు నడుపుతున్నారో తెలియదు. కొన్నాళ్లకు ఫైనాన్సువాళ్లు బండిని ఎక్కడో పట్టుకున్నారట. అప్పుడు దాన్ని నడుపుతున్నాయన భార్య ఏడుస్తూ ఈమెకు ఫోను చేసింది. ఆ బండికి అడ్వాన్సు ఇచ్చింది ఆ అమ్మాయి గాజులు కుదువ పెట్టి. అమ్మినింటి ఆడమనిషి, కొన్నింటి ఆడమనిషి ఫోనులో ఒకరినొకరు తప్పు పట్టుకున్నారు. ఇద్దరిలో ఒక్కరు కూడా ఆ బండి బేరం దగ్గర కూర్చోలేదు.

ఆమె అడిగిన ప్రశ్నకు కోర్టులు చాలాసార్లు జవాబు చెప్పాయి. 2018లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక కేసులో బండి వరుసగా కొన్ని చేతులు మారింది, ఆర్‌సీ మాత్రం మొదటి ఆయన పేరు మీదే ఉండిపోయింది. ప్రమాదం జరిగింది. నష్టపరిహారం ఎవరు కట్టాలి? ఆర్‌సీలో పేరున్న మనిషే చట్టం దృష్టిలో యజమాని, బాధ్యత అతనిదే అన్నారు. బాధితులు చేతులు మారిన బండి వెంట ఊరూరా తిరగలేరు కదా అన్నది అందులోని న్యాయం.

2020లో వచ్చిన ఇంకో తీర్పు అచ్చం మన బాండు పేపరు వ్యవహారమే. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక లారీ యజమాని 2008లో ఒప్పందం రాసి లారీ అమ్మాడు. బ్యాంకు అప్పు ఉంది, బ్యాంకు ఎన్‌ఓసీ రాలేదు, ఆర్‌సీ మారలేదు. 2011లో లారీ ప్రమాదానికి గురైంది. నువ్వు ఎప్పుడో అమ్మేశావు, ఇన్సూరెన్స్ నీకెందుకిస్తాం అంది బీమా కంపెనీ. అప్పిచ్చినవాళ్ల ఒప్పుదల లేకుండా, ఆర్‌సీ మారకుండా యాజమాన్యం మారినట్టు కాదు, ఇతనే యజమాని, డబ్బు ఇతనికే ఇవ్వండి అని సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మినాయనకు ఇది మేలే అయింది. కానీ కొన్నవాళ్ల వైపు నుంచి ఆలోచించండి. మూడేళ్లు తన బండి అనుకుని తిప్పుకున్న లారీకి తాను చట్టం లెక్కలో ఓనరే కాదు.

అలాగని కంతులు తప్పినంత మాత్రాన రౌడీలను పంపి నడిరోడ్డు మీద బండి గుంజుకోవడానికి ఎవరికీ హక్కు లేదు. 2007లో సుప్రీంకోర్టు ఆ మాట గట్టిగా అన్నది. రిజర్వు బ్యాంకు 2008లో రికవరీ ఏజెంట్ల మీద నిబంధనలు పెట్టింది. ఆ రాత్రి మా బంధువు ఇంటి ముందు ఎవరో వచ్చి గొంతు పెంచితే మేము ఈ మాటే చెప్పాం. గొంతు తగ్గింది. అప్పు మాత్రం తగ్గలేదు.

అయితే అప్పున్న బండిని అసలు కొనకూడదా అంటే, కొనొచ్చు. డబ్బు ఏ దారిన పోతుందన్నదే ముఖ్యం. అమ్మేవాళ్లను వెంటబెట్టుకుని అప్పిచ్చిన బ్యాంకుకు వెళ్లి, ఇవాళ్టికి మొత్తం కట్టేయడానికి ఎంతవుతుందో కాగితం రాయించుకోవాలి. ఆ మొత్తాన్ని అమ్మేవాళ్ల చేతిలో పెట్టకుండా నేరుగా ఆ అప్పు ఖాతాలోనే కట్టి రసీదు తీసుకోవాలి. బ్యాంకు ఎన్‌ఓసీ, సంతకం పెట్టిన ఫారం 35 ఇచ్చాక, ఆర్‌సీలో ఆ లైను కొట్టేయించాక మిగతా డబ్బు ఇవ్వాలి. ఎన్‌ఓసీ మీద గడువు వేసి ఉంటే అది దాటకుండా చూసుకోవాలి. పేరు మార్పుకు ఫారం 29, 30. రాష్ట్రంలోపలి అమ్మకమైతే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలని చట్టం. కేఏ బండి అయితే అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ కూడా కావాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్సు కట్టాలి. బేరంలో ఆ ట్యాక్సు కలుపుకోకపోతే చవగ్గా వచ్చిందన్న కారు చవగ్గా ఉండదు. ఇన్సూరెన్సు పేరు కూడా 14 రోజుల్లో మార్పించమని అడగాలి.

2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకు కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. బండి తమ చేతికి రాగానే డీలరు రవాణా శాఖకు తెలపాలి, బండి తన దగ్గరున్నంత కాలం బాధ్యత తనది. మంచి మార్పే. కానీ మన ఊళ్లలో జరిగేవి ఎక్కువగా తెలిసినవాళ్ల మధ్య బేరాలు. బావమరిది స్నేహితుడి కారు, పక్కింటివాళ్ల అల్లుడి కారు. అక్కడ డీలరు లేడు, ఆ నిబంధనా లేదు. తెలిసినవాళ్లు కదా కాగితం అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం మాత్రం ఉంటుంది.

ఆ మొహమాటం మన ఆడవాళ్లకే ఎక్కువ. బేరం మాట్లాడేది మగవాళ్లు, చివరి యాభై వేలకు బీరువా తెరిచేది మనం, జామీను సంతకం పెట్టేది మనం. డ్వాక్రా సంఘంలో వంద రూపాయలు చేతులు మారినా పుస్తకంలో రాయించి వేలిముద్రో సంతకమో తీసుకునే మనమే, ఇంట్లో లక్షల బండి కొంటుంటే ఆర్‌సీ ఎలా ఉంటుందో కూడా అడగం. ఇప్పుడు అడగడం కూడా తేలికే. పరివాహన్ వెబ్‌సైటులో బండి నంబరు కొట్టి చూడొచ్చు. ఒరిజినల్ ఆర్‌సీ తెప్పించి ఫైనాన్సరు పేరు ఉండే చోట ఏముందో చదవొచ్చు.

మా బంధువు ఆ అప్పును రెండేళ్లు కుట్టుపని డబ్బుతో కట్టింది. మొన్న ఆమె కొడుకు ఒక పాత కారు చూసొచ్చి, ఫైనాన్సు కొంచెమే ఉందంట అమ్మా అన్నాడు. ఆమె ఒకటే చెప్పింది. ఆ కొంచెం బ్యాంకులో నేనే కట్టి రసీదు తెచ్చుకుంటాను, వాళ్లను రేపు పొద్దున అక్కడికి రమ్మను అంది.